గోడపత్రము – వాక్స్వాతంత్ర్యపు పొలిమేర

వాక్కునకు స్థలమును బట్టి బలము కలుగును. గ్రంథమునందలి మాట పాఠకుని చేతికై ఎదురుచూచును. సభలో పలికిన మాట శ్రోత లేచిపోయినచో అతనిని వెంటాడదు. గోడమీది మాట అట్టిది కాదు. అది దారినపోవు వాని అనుమతి నడుగదు. బడికి పోవు పిల్లవాడు, రాత్రి షిఫ్టు ముగించుకొని ఇంటికి మరలు కార్మికుడు, అంగడికి వచ్చిన గృహిణి, అందరును దానిని చూడవలసినవారే. ఈ భేదమును గుర్తింపక వాక్స్వాతంత్ర్యమును గూర్చి చేయు చర్చ సగము చర్చయే యగును. గ్రంథమునకు కావలసిన స్వేచ్ఛను గోడపత్రమునకు కోరువారును, గోడపత్రముపై కలిగిన కోపమును గ్రంథముపై చూపువారును ఈ ఒక్క పొరపాటుననే కలిసికొందురు.

స్వతంత్ర భారతమున ఈ ప్రశ్న ఉద్యమరూపము దాల్చిన తావులలో మధ్యప్రదేశము ముఖ్యమైనది. 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశము అవతరించిన దినముననే ఏర్పడిన ఆ రాష్ట్రమున నేటి ఛత్తీస్‌గఢ్ 2000 సంవత్సరము వరకు అంతర్భాగమై యుండెను. దుర్గు జిల్లాలోని భిలాయిలో ఉక్కు కర్మాగారమును నెలకొల్పుటకు 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. వరిపొలముల నడుమ సెక్టార్లుగా వెలసిన ఆ కొత్త నగరమునకు దేశపు నలుమూలల నుండి పనివారు వచ్చిరి. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువది కాదు. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, బెంగాలీ, మలయాళము, పంజాబీ మాటలాడువారు ఇరుగుపొరుగులైనచోట అక్షరము కంటె బొమ్మ త్వరగా మాటలాడును. కర్మాగారము వెలసిన ప్రతిచోటను సినిమాహాలు వెలయును. సినిమాహాలుతోపాటు దాని గోడపత్రము వీధివీధికి వచ్చును. భిలాయి దీనికి మినహాయింపు కాదు. ఐనను నిరసన అను మాట మొదట వినవచ్చినది ఆ రాష్ట్రమునందే పడమటనున్న మిల్లుల నగరము ఇందూరునుండి.

1951 ఏప్రిల్ 18న తెలంగాణమందలి పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరములతో భూదానమును ఆరంభించిన వినోబా భావే, 1960లో చంబల్ లోయయందు బందిపోట్ల లొంగుబాటు జరిగిన పిమ్మట ఇందూరు చేరిరి. ఆ నగరమును సర్వోదయ నగరముగా తీర్చవలెనని ఆయన సంకల్పము. అచ్చటి వీధులలోని సినిమా గోడపత్రములు ఆయన దృష్టిని ఆకర్షించినవి. ఇవి బాలబాలికలకు ఉచితముగా, నిర్బంధముగా విషయవాసనలను నేర్పు విద్య వంటివని ఆయన ఆక్షేపించిరి. రాజ్యాంగములోని ఆదేశసూత్రము పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను వాగ్దానము చేసి అప్పటికి పదియేండ్లైనది. ఆ వాగ్దానము నెరవేరకముందే గోడలు తమ పాఠమును మొదలుపెట్టినవన్న చమత్కారము అందు కలదు. చమత్కారము క్రింద నున్న తర్కము మరింత గట్టిది. వినోబా ఆక్షేపణ బొమ్మలోని నగ్నతపై కంటె, దానిని చూడక తప్పని నిర్బంధముపై ఎక్కువగా నిలిచినది. సినిమాహాలు లోపల జరుగు ప్రదర్శనకు ప్రేక్షకుడు డబ్బిచ్చి, తెలిసి పోవును. గోడమీది బొమ్మకు ఆ తెలివిడియు లేదు, ఆ ఎంపికయు లేదు.

ఆ ఉద్యమమునకు పెట్టిన పేరు కూడ గమనింపదగినది. దానిని ‘అశ్లీల’ గోడపత్రములపై పోరాటమని గాక ‘అశోభనీయ’ గోడపత్రములపై పోరాటమని వ్యవహరించిరి. అశ్లీలమను మాట న్యాయస్థానమునది. దానికి నేరము, శిక్ష అను తోకలు కలవు. అశోభనీయమను మాట నలుగురు తిరుగు వీధికి సంబంధించినది. ఇంటిలో శోభించునది వీధిలో శోభింపకపోవచ్చును. మన ఆలంకారికులకు ఈ సూక్ష్మము క్రొత్తది కాదు. వ్రీడను, జుగుప్సను, అమంగళమును కలిగించు మాటలుగా అశ్లీలదోషమును వారు మూడు విధములుగా విభజించిరి. మమ్మటుడు దోషములను వివరించిన పిదప, సందర్భమును బట్టి దోషము దోషము కాకుండుటయు, ఒక్కొక్కచో గుణమగుటయు కలదని చెప్పెను. అనగా ఔచిత్యము మాటలో మాత్రమే ఉండదు; మాట పలికిన చోటునందును, విన్నవారియందును ఉండును. ఆ దోషమును దిద్దు పని సహృదయునిది, తలారిది కాదు.

ఇందూరు నిరసనకు కొన్ని నెలల ముందే, 1959 డిసెంబరులో, సుప్రీంకోర్టు హమ్‌దర్ద్ దవాఖానా కేసున తీర్పు చెప్పియుండెను. మాయచికిత్సలను, కొన్ని రోగములకు మందులను ప్రకటించుటను నిషేధించిన 1954 నాటి చట్టమును ఆ సంస్థ ప్రశ్నించినది. ప్రకటన వాక్కునకు ఒక రూపమే యైనను, దాని లక్ష్యము వర్తకమైనప్పుడు అది రాజ్యాంగము 19వ అధికరణము రక్షించు భావప్రకటన కాజాలదని న్యాయస్థానము భావించినది. అమెరికా సుప్రీంకోర్టు 1942లో వాలంటైన్ – క్రెస్టెన్సెన్ కేసున ఇచ్చిన తీర్పును ఇందులకు ఆధారముగా గ్రహించినది. ఐనను ఆ చట్టమును సంపూర్ణముగా సమర్థింపలేదు. ఏ రోగములనైనను జాబితాలో చేర్చుకొనుటకు ప్రభుత్వమునకిచ్చిన హద్దులేని అధికారమును, ప్రకటనలను స్వాధీనపరచుకొనుటకిచ్చిన అధికారమును కొట్టివేసినది. వర్తకపు వాక్కునకు రక్షణ లేదన్న తీర్పులోనే అధికారికి కూడ కళ్లెము ఉండవలెనన్న విషయము చేరియున్నది. ఈ రెండవ భాగమును ప్రకటనలపై కోపించువారు తరచుగా మరతురు.

తెలుగు రచయిత మరువరానిది కూడ ఇదియే. అశ్లీలమను ముద్ర గోడపై పడకముందు తెలుగు కావ్యముపై పడినది. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురింపగా, దానిపై అశ్లీలారోపణ లేచినది. కందుకూరి వీరేశలింగము వంటి సంస్కర్త అంతకుముందే ఆ కావ్యమును గర్హించియుండెను. సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా, పురుషకవులకు వర్తింపదా యని నాగరత్నమ్మ తన పీఠికలో ప్రశ్నించినది. ఆ ప్రశ్నకు సమాధానము రాలేదు, పోలీసులు వచ్చిరి. వావిళ్లవారు ముద్రించిన ప్రతులు స్వాధీనమైనవి. టంగుటూరి ప్రకాశము పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్నప్పుడు గాని ఆ నిషేధము తొలగలేదు. 1952లో గాని వావిళ్లవారి కూర్పు మరల వెలువడలేదు. నలువది యేండ్ల కాలము ఒక కవయిత్రి కావ్యమునకును, ఒక గోడపత్రమునకును నడుమ భేదమును చూడలేని చట్టము మన సాహిత్యమును పాలించినది. గోడపత్రమును చించవలెనని కోరు రచయిత తన చేతికి వచ్చుచున్న కత్తికి రెండంచులున్నవని ఎరుగవలెను.

ఆ కత్తి భారత శిక్షాస్మృతిలోని 292వ నిబంధన. అశ్లీలప్రచురణల నిరోధమునకై 1923లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి 1925లో దానిని సవరించిరి. దేవాలయ శిల్పములకును, మతప్రయోజనమునకై సద్బుద్ధితో ఉంచుకొన్న గ్రంథములకును అందు మినహాయింపు కలదు, కావ్యమునకు లేకుండెను. గుడిగోపురముపై చెల్లిన శృంగారము తాళపత్రముపై చెల్లదన్నమాట. 1964లో రంజిత్ ఉదేశీ కేసున, డి. హెచ్. లారెన్సు రచించిన ‘లేడీ చాటర్లీస్ లవర్’ను అమ్మిన బొంబాయి పుస్తకవిక్రేత శిక్షను సుప్రీంకోర్టు సమర్థించినది. 1868 నాటి ఆంగ్లేయుల హిక్లిన్ సూత్రమే, అనగా దుష్ప్రభావమునకు లోనుగాగల మనస్సులను చెరచునా యన్న పరీక్షయే, ఆ తీర్పునకు ఆధారము. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి హిదాయతుల్లా భిలాయికి పొరుగుననున్న రాయపూరులో ఉన్నత పాఠశాల విద్య నభ్యసించినవారు. మధ్యప్రదేశ హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి. సాహిత్యాభిమాని యైన ఆ న్యాయమూర్తి కళను, అశ్లీలమును పక్కపక్కన నుంచి తూచవలెననియు, కళ ప్రబలమై అశ్లీలము లెక్కకు రానంత అల్పమైనచో క్షమింపవచ్చుననియు అంగీకరించిరి. కాని ఆ నవలకు ఆ త్రాసులో న్యాయము జరిగెనని చెప్పుట కష్టము.

పార్లమెంటు 1969లో ఆ నిబంధనను సవరించి, విజ్ఞానము, సాహిత్యము, కళ, విద్య అను ప్రయోజనములచే సమర్థింపదగిన రచనకు మినహాయింపు నిచ్చినది. 1970లో కె. ఎ. అబ్బాస్ కేసున హిదాయతుల్లా గారే ప్రధాన న్యాయమూర్తిగా సినిమా సెన్సారును సమర్థించుచునే, సెన్సారు చేయువారు కళయందలి విలువను గుర్తింపవలెనని హెచ్చరించిరి. 1985లో సమరేశ్ బసు బెంగాలీ నవల ‘ప్రజాపతి’ విషయమున, మోటుదనము వేరు, అశ్లీలము వేరు అని న్యాయస్థానము స్పష్టము చేసి రచయితను విముక్తుని గావించినది. 2014లో అవీక్ సర్కార్ కేసున హిక్లిన్ సూత్రమును త్రోసిపుచ్చి, సమకాలిక సమాజపు ప్రమాణమును గ్రహించినది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో 292వ నిబంధన స్థానమును 294వది గైకొన్నది. ఇట్లు అరువదేండ్లలో గ్రంథము కొంత విడుదల పొందినది. గోడ మాట మాత్రము వేరుదారిన నడచినది.

ఆ దారిని మలచినవారు స్త్రీలు. 1970, 80 దశకములలో దేశమందలి పెక్కు నగరములలో మహిళాసంఘములవారు గోడపత్రములపై తారు పూసిరి. వారి ఆక్షేపణ వినోబా ఆక్షేపణ వంటిదే యని పైకి కనిపించును. లోతున భేదము కలదు. బ్రహ్మచర్యమును ఆదర్శముగా గైకొన్న వినోబాకు గోడపత్రము మనోనిగ్రహమునకు శత్రువు. మహిళలకు అది మనిషిని సరకుగా మార్చు వ్యాపారము. ఒకరు శీలమును గూర్చి మాటలాడిరి, మరియొకరు గౌరవమును గూర్చి. మార్గరెట్ ఆల్వా రాజ్యసభలో ప్రవేశపెట్టిన ‘స్త్రీల అసభ్యచిత్రణ నిషేధ చట్టము’ 1986లో ఆమోదము పొంది 1987 అక్టోబరు 2 నుండి అమలునకు వచ్చినది. ప్రకటనలను ఆ చట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది. స్త్రీని కించపరచుట, ప్రజానీతిని చెరచుట అను రెండు భావములను ఒకే నిర్వచనమున బంధించినది. ఈ ముడి మంచిది కాదని స్త్రీవాదులలో కొందరు అప్పుడే ఆక్షేపించిరి. నీతి పేరిట తెచ్చిన ఆయుధము, తన దేహమును గూర్చి తానే వ్రాయు స్త్రీపైకి కూడ మరలవచ్చునని వారి శంక. ముద్దుపళని కథ తెలిసిన తెలుగువారికి ఆ శంక నిరాధారముగా తోచదు.

రాష్ట్రములు తమ వంతు చట్టములు చేసినవి. మధ్యప్రదేశము 1994లో ఆస్తుల వికృతీకరణమును నివారించు చట్టమును చేసినది. ఆంధ్రప్రదేశము 1997లో చేసిన చట్టము బహిరంగస్థలముల వికృతీకరణ నివారణను, అశ్లీలములు ఆక్షేపణీయములునగు గోడపత్రముల నిషేధమును పేరులోనే జతపరచినది. ఈ జత ఆలోచింపదగినది. గోడను పాడుచేయుట యొక నేరము. చూచువానిని నొప్పించుట మరియొకటి. మొదటిది గోడ యజమానికి, రెండవది బాటసారికి సంబంధించినవి. ఈ రెండింటిని కలిపినప్పుడు మూడవవాడు నలుగును. అతడు పత్రిక లేని పేదవాడు. భిలాయి దానికి మంచి నిదర్శనము. దల్లీ రాజహరా గనికార్మికులను సంఘటితపరచి మద్యపానమునకు వ్యతిరేకముగా కూడ ఉద్యమించిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురియయ్యెను. మరుసటి యేడు జూలై 1న అచ్చటి పవర్‌హౌస్ రైల్వేస్టేషను వద్ద పట్టాలపై కూర్చొన్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పదిమందికి పైగా మరణించిరి. అట్టి ఉద్యమములకు పెద్ద పత్రికలలో చోటు సులభముగా దొరకదు. కుంచెతో గోడపై వ్రాసిన నినాదమే వారి సంపాదకీయము. వికృతీకరణ చట్టమునకు వ్యాపారి అతికించిన బొమ్మయు, కార్మికుడు వ్రాసిన నినాదమును ఒకటే సున్నపుపూతకు తగినవి. ధనవంతుడు అద్దె చెల్లించి పెద్ద హోర్డింగును నిలుపుకొనును. నినాదము మాత్రము తుడిచిపెట్టుకొనిపోవును.

భిలాయి వంటి కర్మాగారనగరమున ఇంకొక చిక్కు కలదు. అచ్చటి వీధులు, గోడలు, బజారులు చాలవరకు కర్మాగారపు ఆస్తి. యజమాని తన ఆవరణలో ఏ మాట ఉండవలెనో నిర్ణయింపగలడా? అమెరికాలో ఈ ప్రశ్న 1946లో వచ్చినది. ఆలబామాలోని చికసా యను ఊరు పూర్తిగా ఒక నౌకానిర్మాణసంస్థ ఆస్తి. అచ్చటి వీధిలో మతసాహిత్యమును పంచిన గ్రేస్ మార్ష్ అను స్త్రీని అక్రమప్రవేశము చేసినదని శిక్షించిరి. ఊరు కంపెనీదైనను అది ఊరే. అందు నివసించువారు ఇతర పౌరుల వలెనే వాక్స్వాతంత్ర్యము గలవారని సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసినది. మన దేశమున ప్రభుత్వరంగ సంస్థల విషయము మరింత స్పష్టము. ప్రభుత్వపు చేతిసాధనములైన సంస్థలు రాజ్యాంగము 12వ అధికరణము ప్రకారము ‘రాజ్యము’ అను పదముననే చేరునని 1979లో రమణ దయారాం శెట్టి, 1980లో అజయ్ హసియా తీర్పులు నిర్ణయించినవి. కనుక ప్రభుత్వపు ఉక్కునగరము, తన గోడపై వ్యాపారప్రకటనకు చోటిచ్చి నిరసనకారుని కరపత్రమును అడ్డగింపదలచినచో, యజమానిగా గాక రాజ్యముగా కారణము చెప్పవలసియుండును.

1995లో టాటా ప్రెస్ కేసున సుప్రీంకోర్టు వర్తకప్రకటన కూడ వాక్స్వాతంత్ర్యములో భాగమేనని తేల్చినది. ప్రకటన వలన కొనుగోలుదారునకు సమాచారము లభించుననియు, వినువాని హక్కు కూడ 19వ అధికరణమున ఇమిడియున్నదనియు దాని వాదము. మోసపుచ్చు ప్రకటనకు మాత్రము రక్షణ లేదు. వినువానికి వినుటకు హక్కున్నచో, వినకుండుటకు హక్కు లేదా? 1932లోనే అమెరికా న్యాయమూర్తి బ్రాండైస్, పొగాకు ప్రకటనలకు సంబంధించిన ప్యాకర్ కేసున, పత్రికలోని ప్రకటనను చదువరి తానై వెదకుకొనునని, వీధి ప్రకటన అతనిపై బలవంతముగా వచ్చిపడునని భేదము చూపిరి. 1975లో అదే న్యాయస్థానము ఎర్జ్‌నోజ్నిక్ కేసున, వీధికి కనబడు తెరపై నగ్నదృశ్యములను నిషేధించిన పురపాలక నిబంధనను కొట్టివేయుచు, ఇష్టములేనివాడు చూపు మరల్చుకొనవచ్చునన్నది. ఈ రెండింటిలోను సత్యము కలదు. ఒకనాటి దృశ్యమునుండి చూపు మరల్చుకొనవచ్చును. ప్రతిదినము నడచు దారిలో, ప్రతి మలుపున నిలిచిన బొమ్మనుండి మరల్చుకొనుమనుట దారి మార్చుకొనుమనుటయే.

నిరసనకు కూడ హద్దులుండవలెను. ప్రకటనను ఖండించు వాక్కు, ఆ ప్రకటన కంటె గొప్ప రక్షణకు అర్హము. ఏలయన అది అమ్మకమునకు గాక ఆలోచనకు పిలుచును. కాని ఖండన బెదిరింపుగా మారిన క్షణమున అది తన అర్హతను కోల్పోవును. 1989లో రంగరాజన్ కేసున, హింస జరుగునన్న బెదిరింపునకు లొంగి భావప్రకటనను అణచుట న్యాయపాలనను వదలుకొనుటయే యగునని సుప్రీంకోర్టు పలికినది. వినోబా పద్ధతిలో గ్రహింపదగిన అంశ మిచ్చట కలదు. ముందు విన్నపము, పిదప లోకాభిప్రాయము, ఆ పిదపనే సత్యాగ్రహము. సత్యాగ్రహి పగలు, పదిమంది యెదుట, తన పేరు దాచుకొనక, శిక్షకు సిద్ధపడి గోడపత్రముపై చేయి వేయును. గుంపు రాత్రివేళ సినిమాహాలుపై రాళ్లు రువ్వును. రెండును చట్టమును దాటుటయే. మొదటిది చట్టమును గౌరవించుచు దాటుట. గాంధీజీ తన పత్రికలలో వాణిజ్యప్రకటనలకు చోటీయక నడపుటయు ఇట్టి నిరసనయే. అది ఎవరి నోటిని మూయలేదు. తన గోడను తాను శుభ్రముగా ఉంచుకొన్నది.

నేడు గోడపత్రము రూపు మారినది. వీధిలో వెలుగు తెరలు వచ్చినవి. అరచేతిలోని తెరపై ప్రకటన పిలువకయే వచ్చి నిలుచుచున్నది. చూడకుండుటకు తావు మునుపటికంటె తగ్గినది. కనుక పాత ప్రశ్న పాతబడలేదు. రచయితలు దీనిలో రెండు విధముల బాధ్యులు. వాక్కును అడ్డగించు ప్రతి చట్టమును అనుమానించుట వారి మొదటి ధర్మము. వాక్కు నిర్బంధముగా మారిన చోటును గుర్తించి చెప్పుట రెండవది. ఈ మాట ఎచ్చట నిలిచినది, దానిని తప్పించుకొనుటకు వినువానికి దారి కలదా, దానికి జవాబు చెప్పుటకు ఎదుటివానికి అదే గోడపై చోటున్నదా? ఈ మూడు ప్రశ్నలను అడిగిన పిమ్మటనే చట్టమును పిలువవలెను. అట్లడిగినచో ‘రాధికాసాంత్వనము’ పాఠకుని చేతిలో క్షేమముగా నుండును, కార్మికుని నినాదమునకు గోడ దొరకును, వ్యాపారి బొమ్మ తన హద్దును తెలిసికొనును. అడుగక పిలిచినచో చట్టము మొదట తలుపు తట్టునది కవి యింటినే యని 1911 మొదలు మన చరిత్ర చెప్పుచున్నది.